పచ్చదనానికి రేటు

అన్నయ్యకు,

ఫోనులో అయితే నా నోట తిట్లే వస్తాయి, అందుకని రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే కాపు మీదున్న వంగతోట పీకేశాను. "పంట ఉంటే కొనేవాళ్ళకి నేల కనపడదురా" అన్నావు. సంతలో వంకాయల్ని అడిగే నాథుడు లేడు, కోత కూలి కూడా గిట్టదు కదా అని నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. నీ మరదలు గట్టు మీద కూర్చుని, పీకిన మొక్కల నుంచి కాయలు కోసి ఒళ్ళో వేసుకుంది.

నిన్న నీ బ్రోకరు వచ్చాడు. బోడి నేల చూసి తల పట్టుకున్నాడు.

"ఎంత పని చేశారండీ! ఇప్పుడు పచ్చదనానికే రేటు. తోట ఉంటే ధర రెట్టింపు పలికేది."

సాయంత్రానికల్లా నర్సరీ నుంచి పూలకుండీలు దింపించి, నేను మొక్కలు పీకిన చోటే వరసగా పెట్టించాడు. నా చేతికి కొత్త పార ఒకటిచ్చి, వాటి మధ్య నిలబెట్టి, ఫోటోకి నవ్వమన్నాడు. నీ మాట పోకూడదని నవ్వాను. ఛీ! తలుచుకుంటే నా మొహాన నేనే ఉమ్మేసుకోవాలనిపిస్తోంది.

అంతలో కొనడానికొచ్చిన పెద్దమనిషి కారు దిగకుండానే అద్దం దించి, నన్ను చూపిస్తూ అడిగాడు: "ఈయన కూడా ప్లాటుతో పాటే వస్తాడా?"

నీ బ్రోకరు చేతులు నలుపుకుంటూ, "మాట్లాడదాం సార్" అన్నాడు.

నాన్న ఇద్దరికీ కలిపి ఇచ్చిన నేలకి నువ్వొక్కడివే రేటు కట్టావు. నా రేటు కూడా కట్టి చెప్పు. సంతకం సంగతి ఆ తర్వాత చూద్దాం.

ఇట్లు,
ఇంకా అమ్ముడుపోని
నీ తమ్ముడు