టీచరమ్మ అడిగిన సకినాలు

అక్కా,

నాకింకా నమ్మబుద్ధి కావడం లేదు. పోయిన నెల నువ్వు పంపిన సకినాల డబ్బా, అమీర్‌పేటలో మన దివ్యశ్రీకి కొరియా భాష నేర్పే మిన్‌జీ టీచర్‌కు తీసుకెళ్లాను. పరీక్షల ముందు గురువు దగ్గరికి ఉత్త చేతులతో ఎట్లా పోతాం? ఆమె నిప్పు చూసినట్టు వెనక్కి జరిగింది. "మా దేశంలో టీచర్‌కు కాఫీ ఇచ్చినా తప్పు" అని వచ్చీరాని తెలుగులో చెప్పి, డబ్బా నా చేతిలోనే పెట్టింది. నలుగురి ముందు తల కొట్టేసినట్టయింది. ఆ కోపంలో సకినాలన్నీ బిల్డింగులో పంచేశాను.

నిన్న ఫలితాలొచ్చాయి. పిల్ల తప్పింది. సాయంత్రం తలుపు తీస్తే ఎదురుగా ఆ టీచరే! అమీర్‌పేట నుంచి పంజాగుట్ట దాకా నడిచొచ్చిందట.

"కోర్సు అయిపోయింది. ఇప్పుడు నేను టీచర్ కాదు. సకినాలు ఉన్నాయా?" అంది.

నీ మరిదే తేరుకుని, "జర కూసో మేడం, చాయ్ తాగు" అన్నాడు. తాగింది. పోతూ, "సోమవారం దివ్యశ్రీ మళ్లీ క్లాసుకు రావాలి" అని చెప్పింది.

ఉత్త డబ్బా పంపకూడదని అందులో ఈ ఉత్తరం పెట్టి నీ మరిదికిచ్చాను. ఆదివారంలోగా నింపి పంపు అక్కా. సోమవారం నుంచి ఆమె మళ్లీ టీచరైపోతుంది.

నీ చెల్లి