జింక లేచింది, ఈశ్వరి పడుకుంది

ధర్మవరం,
ఏప్రిల్ 4.

నేత నమూనాల నమోదు కేంద్రంలోని జాయ్ మేడమ్ గారికి తిప్పయ్య నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయకుండా ఊరకుందామనే అనుకున్నాను. అరవై ఎనిమిదేళ్ల వయసులో ఒక జింక కోసం ఆఫీసుతో వాదమెందుకని. కానీ ఆ జింక అంచు నా భార్య ఈశ్వరి ఊహ. అది ఆమె పేరున నమోదు కావాలి. శివరాత్రి దాటాక మా ఊరి చీరల అంగడి రాజేంద్ర అదే అంచు తనదని మీకు దరఖాస్తు పెట్టాడు. జనవరిలో ఆమె మగ్గంలో కూర్చుని నేస్తుండగా నేను తీసిన ఫొటో ఒక్కటే మాకు సాక్ష్యం.

ఫొటోలో జింక పక్కకు పడిపోయిందనీ, తిప్పి నిలబెట్టి పంపమనీ రాశారు. అమ్మా, అంచులోని జింక మగ్గం మీద పడుకునే ఉంటుంది. ఎవరైనా చీర కట్టుకున్న రోజే లేస్తుంది. కుందుర్పి వైపు నిజం జింకలైతే శనక్కాయ చేలల్లో పడి, రైతు అరిస్తే తలెత్తి చూసి మళ్లీ మేస్తాయి. అది వేరే కథ. మీ మాట కాదనలేక కంప్యూటర్‌లో ఫొటో తిప్పి, సేవ్ చేసి, పెన్‌డ్రైవ్‌లో పంపుతున్నాను.

ఇట్లు, తిప్పయ్య.

తా.క.: జింక లేచింది. ఈశ్వరి పడుకుంది, మగ్గంతో సహా.


అనంతపురం,
ఏప్రిల్ 11.

తిప్పయ్య గారికి,

జింక సంతృప్తికరంగా ఉంది. అభ్యంతరాలు రెండు. ఒకటి, దరఖాస్తుదారు నిద్రిస్తున్నట్లు కనిపిస్తున్నారు. నిద్రను నేతపనిగా నమోదు చేసే వీలు లేదు. రెండు, ఫొటో తీసినప్పుడు ఫోను దాని లోపల రాసిపెట్టే తేదీ, చోటు ఇప్పుడు లేవు. తేదీ లేకపోతే రాజేంద్ర గారికంటే ముందు నేశారని ఎలా నమ్మడం?

ఇట్లు, జాయ్.

తా.క.: ఆవిడకు ఒంట్లో బాగాలేకపోతే గడువు వారం పెంచగలం.


ధర్మవరం,
ఏప్రిల్ 15.

జాయ్ మేడమ్ గారికి,

చేని గనిమ గట్టు దగ్గర ఎద్దును మళ్లిస్తే దాని వయసు పోతుందా? ఫొటోకు పోయింది. మార్పులు సేవ్ చేయాలా అని కంప్యూటర్ మర్యాదగా అడిగితే, నేనూ మర్యాదగా సరేనన్నాను. మళ్లీ వెనక్కి తిప్పాను. ఈశ్వరి లేచి కూర్చుంది, జింక పడుకుంది, తేదీ మాత్రం తిరిగి రాలేదు. అటూ ఇటూ ఆరుసార్లు తిప్పి సేవ్ చేసేసరికి ఫొటో మసకబారింది. అది జింకో మేకో ఇప్పుడు నేనే ప్రమాణం చేయలేను. ఫోనులోని అసలు ఫొటో ఎప్పుడో చెరిపేశాను. మొదట పంపింది మీ దగ్గర ఉంటుంది కదా, దాన్ని చూడండి.

ఇట్లు, తిప్పయ్య.

తా.క.: మీ ఉత్తరం ఈశ్వరికి చదివి వినిపించాను. "నడుము ఇరిగేతట్ల నేస్తాంటే నేను పనుకొన్యానంటనా? ఆయమ్మను ఈడికొచ్చి ఈ మగ్గం గుంతలో ఒగ పూట కూర్చోమను" అంది. మర్యాద కోసం సగమే రాశాను.


అనంతపురం,
ఏప్రిల్ 29.

తిప్పయ్య గారికి,

చెప్పడానికి సిగ్గుగా ఉంది. మీరు మొదట పంపిన ఫొటోను, జింక నిలబడితే ఎలా ఉంటుందో చూద్దామని, మీకు రాయకముందే ఇక్కడ నేను కూడా తిప్పి సేవ్ చేశాను. ఫైల్లోని మిగతా నలభై ఫొటోలనూ అదే పూట తెరిచి, తిప్పాల్సినవి తిప్పి, అన్నిటినీ సేవ్ చేశాను. మా కంప్యూటర్ లెక్కన నలభై ఒక్క నమూనాలూ మార్చి ఏడున, మూడుంపావుకు, మా ఆఫీసులోనే పుట్టాయి. అంటే రాజేంద్ర గారి తేదీ కూడా పోయింది.

తేదీలు లేవు కాబట్టి జింకలనే చూశాను. తిప్పాల్సిన అవసరం లేకుండా వచ్చింది రాజేంద్ర గారి ఫొటో ఒక్కటే. ఆయన జింక మొదటి నుంచీ నిలబడే ఉంది. మగ్గం మీద పడుకునే ఉంటుందని మీరు రాసిన ముక్క గుర్తొచ్చి, నేస్తుండగా తీసిన ఫొటో, అంటే జింక పడుకున్నది, పంపమని ఆయన్ను అడిగాను. నాలుగో రోజుకే పంపారు. జింక పడుకుంది. దానితోపాటు అంగడి బీరువా, గోడ గడియారం, గల్లాపెట్టె ముందు రాజేంద్ర గారూ పడుకున్నారు.

జింక అంచు ఈశ్వరి గారి పేరున నమోదైంది. పత్రం రిజిస్టర్డ్ పోస్టులో వస్తుంది.

ఇట్లు, జాయ్.

తా.క.: మిగతా ముప్పై తొమ్మిది మందికి క్షమాపణ ఉత్తరాలు రాస్తున్నాను. కుందుర్పి జింకల కథ తీరిక చూసుకుని రాయండి, నాకు కాస్త విరామం దొరుకుతుంది.


ధర్మవరం,
మే 6.

జాయ్ మేడమ్ గారికి,

పత్రం ఈ రోజు పదకొండు గంటలకు వచ్చింది. ఈశ్వరి గుంతలోంచి ఎక్కి వచ్చి, చేతులు తుడుచుకుని, తన పేరు రెండుసార్లు చదివింది. పోస్ట్‌మ్యాన్ కాగితం మీద సంతకం పెట్టింది. తర్వాత మళ్లీ మగ్గంలోకి దిగింది.

ఇట్లు, తిప్పయ్య.