గంజి పెట్టిన దుప్పటి

వదినగారికి,

మీరు పంపిన దుప్పటి అందింది. మీ లాండ్రీ పనితనానికి వంక పెట్టడానికి లేదు. తెల్లగా ఉతికి, గంజి పెట్టి, ఇస్త్రీ మడత నలగకుండా పంపారు. కానీ వదినా, నేనడిగింది మీ కుక్క రోజూ పడుకునే దుప్పటి! తల్లి వాసన తగిలితే కుక్కపిల్ల రాత్రిళ్లు ఏడవదని పశువుల డాక్టరు చెప్పారు. మీ దుప్పట్లో సబ్బు వాసన తప్ప ఇంకేం లేదు. మీరిచ్చిన కుక్కపిల్ల దాన్ని ఒకసారి వాసన చూసి, తుమ్మి, మళ్లీ రాగం అందుకుంది.

పై వాటా ఆయన దిగొచ్చి, "ఇంకొక్క రాత్రి ఏడ్చిందంటే, తెచ్చినచోటే దింపేసి రండమ్మా" అనేశారు. మీ తమ్ముడు బస్సు డ్యూటీ దిగొచ్చి విప్పేసిన చొక్కా చేతికందితే, అదే దాని బుట్టలో పడేశాను. అందులో ముక్కు దూర్చి తెల్లారేదాకా నిద్రపోయింది! నిన్న పగలు దాన్ని ఒంటరిగా వదిలి, తలుపు దగ్గరకేసి, అరగంట మెట్ల మీద కూర్చున్నాను. కిక్కురుమనలేదు. సోమవారం నుంచి నేను ధైర్యంగా పనికి వెళ్లొచ్చు.

కాబట్టి ఇంకో దుప్పటి వెతక్కండి. ఈయన మాసిన బట్టలన్నీ ఆదివారం మీ దగ్గరికి తెస్తారు, ఆ చొక్కా తప్ప. దాన్ని ఉతికితే ఊరుకోనంటున్నారు. పెళ్లయిన ఈ పన్నెండేళ్లలో తన చెమట వాసన నచ్చిన ప్రాణి ఇదొక్కటేనట.

ముక్కు మూసుకుని,
మీ మరదలు