మోలెనార్ వారి గాలిమర చెల్లెలికే

వెస్టర్‌వీరమ్ కాపురస్తుడు రీండెర్ట్ మోలెనార్ కుమారుడనైన యెల్టె మోలెనార్ అను నేను, వయసు ఇరవై ఏడు, కాలేయం రాజీనామా ఇచ్చినా బుద్ధి ఇంకా కొలువులోనే ఉండగా, ఎవరి ఒత్తిడీ లేకుండా రాసుకున్న వీలునామా. నర్సు పట్టుబట్టి తాగించిన బఠాణీ చారు ఒత్తిడి కిందికి రాదని నోటరీగారు సెలవిచ్చారు.

1. నా సైకిలు, పుస్తకాలు స్నేహితుడు వెమ్మే కాయ్పర్‌కు. కాయ్పర్ అంటే పీపాలు చేసేవాడు. వీడు కళ్ళజోళ్ళు అమ్ముతాడు. ఈ వీలునామా అమలు బాధ్యత కూడా వీడిదే. సైకిలుకు బ్రేకు లేదు. తెలిసే ఇస్తున్నాను.

2. తాతగారు నా పేర రాసిన గాలిమర, దాని తిరగలి రాళ్ళు, రెక్కల మీది తెరచాపలు, జల్లెళ్ళతో సహా, సర్వహక్కులతో నా చెల్లెలు టిట్స్కెకు చెందాలి.

నాన్న అభ్యంతరం నాకు ముందే తెలుసు. "మోలెనార్ అంటే మర ఆడించేవాడురా. ఆడపిల్ల చేతిలో పెడితే పేరు పెళ్ళితో కొట్టుకుపోతుంది" అంటాడు. నేను ఇంటిపేర్ల మీద నాలుగేళ్ళు చదువుతుంటే, "దానికి కాలేజీ ఎందుకురా, తలుపు మీద బోర్డు చదివితే పోలా" అన్న మనిషి. ఆ చదువులో తేలింది ఇది: 1811లో అందరూ ఇంటిపేరు రాయించుకోవలసి వచ్చినప్పుడు, మన మూలపురుషుడు, ఎప్పో అనే ఆయన వృత్తి రిజిస్టరులో 'కూలీ' అని ఉంది. మర ఆడించింది ఆయన భార్య గేస్యె. మొదటి భర్త పోయాక పదకొండేళ్ళు ఒంటరిగా ఆడించింది. ఆవిడ పనినే ఈయన తన పేరుగా రాయించుకున్నాడు. నాన్నా, మనం మోస్తున్నది గేస్యె పేరు. నకలు జతపరిచాను.

3. అమ్మ పోయిన రోజు రెక్కలు ఆపమని నన్ను పంపారు. రెక్కలు ఆగిన తీరే ఊరికి కబురు: ముందు నుంచి చూస్తే దుఃఖానికి కింది రెక్క నిలువు దాటి కుడికి ఆగాలి, సంతోషానికి ఎడమకు. నేను మర వెనక నిలబడి నా కుడి చూసుకున్నాను. రొట్టెల కొట్టు ఆవిడ నవ్వుకుంటూ వచ్చి, "ఎవరికమ్మా కాన్పు? బాబా, పాపా?" అంది. పన్నెండేళ్ళ టిట్స్కె పరిగెత్తి వెళ్ళి సరిచేసింది. నాన్న నన్ను తిట్టలేదు, దాన్ని మెచ్చుకోనూ లేదు. రెండూ బాకీ ఉన్నాయి. నాది మాఫీ చేస్తున్నాను, దానిది తీర్చాలి.

4. నేను ఆసుపత్రిలో చేరిన నాటి నుంచి మర ఆగిపోయింది. "నువ్వొచ్చి ఆడిద్దువుగానిలే" అంటాడు నాన్న.

నాన్నా, నేను రాను. ఎదురుగా చెబితే కిటికీకేసి చూస్తూ గాలి ఎటుందో మాట్లాడతావు. అందుకని నోటరీ చేత చెప్పిస్తున్నాను.

నా కోసం రెక్కలు మూడు రోజులు దుఃఖంలో నిలపండి. ఆపేది టిట్స్కె. నాలుగో రోజు ఏ మాత్రం గాలి ఉన్నా టిట్స్కెయే గోధుమలు పోసి ఆడించాలి. నాన్న కింద నిలబడి సంచీ మూతి పట్టుకోవాలి. అంతకు మించి ఆయన్ని ఆ రోజు ఎవరూ ఏమీ అడగవద్దు.

గ్రోనింగెన్, 14 నవంబరు 2019
(సంతకం) యెల్టె మోలెనార్

సాక్షులు:
హిల్యె డ్రెంట్, నర్సు
ఫోక్కో వీర్స్మా, నోటరీ గుమాస్తా