యలహంక చెత్త, బొమ్మసంద్ర డ్రమ్ము

బొమ్మసంద్ర,
సోమవారం, మార్చి 2003.

మీ కాలనీ చెత్తను కడిగి పంపారు. చెత్తను ఎవరైనా కడుగుతారా?

నా పేరు స్టాన్లీ. మీ వంటింటి తొక్కలూ తుక్కూ గాలి చొరని డ్రమ్ములో వేసి, కింద మంటపెట్టి బొగ్గు చేసే పని నాది. ఆ బొగ్గును ఇటుకలుగా నొక్కితే కట్టెల బదులు పొయ్యిలోకి వస్తాయి. బడి మానేశాక నాకు నేనే నేర్చుకుని కట్టిన డ్రమ్ము అది. నిన్న మీ నీళ్లు మరగడానికే మా కట్టెలన్నీ అయిపోయాయి. మా షెడ్డుకూ పక్క క్యాంటీనుకూ ఓనరైన వెంకటరాయప్ప తొంగి చూసి, "ఏమప్పా, ఇది బొగ్గా, చారా? ఇంకొక్క తూరి చూస్తా. కాకుంటే డ్రమ్ము పాత ఇనుముకు పోతాది" అన్నాడు.

సంఘం కార్యదర్శి మీరే కదా, వచ్చే లోడు ఎండబెట్టి పంపండి. శుక్రవారంలోగా జవాబు కావాలి.

స్టాన్లీ

తా.క.: చెత్తకు ఆసుపత్రి వాసన ఎందుకొచ్చింది?

*

యలహంక,
బుధవారం.

చిరంజీవి స్టాన్లీకి విజయకుమారి ఆశీస్సులు.

నేను నర్సుగా చేసి రిటైరయ్యాను నాయనా. చెత్తను పట్టుకునేది ఎవరో ఒక బిడ్డ చెయ్యి, దానికి పుండు పడకూడదని నేనే మందునీళ్లతో కడిగించాను. ఆ బిడ్డ ఇంత కోపిష్టి అని తెలియదు. ఇక ఎండబెడతాం. మా మేడలన్నీ వడియాలు పెట్టినట్టున్నాయి.

నీ మేలు కోరే,
విజయకుమారి

తా.క.: గ్లవ్సులు పంపుతున్నాను. వేసుకోకపోతే నేనూ కోపంగా రాయగలను.

*

బొమ్మసంద్ర,
మళ్లీ సోమవారం.

అమ్మగారికి నమస్కారం.

గ్లవ్సులు వేసుకునే రాస్తున్నాను. అక్షరాలు వంకర పోతే మీ పుణ్యమే.

చెత్త బాగా ఎండింది. అందులో కారం ఎవరు కలిపారు? డ్రమ్ము వేడెక్కగానే షెడ్డంతా ఘాటు. ఓనరు తువాలు ముక్కుకు చుట్టుకుని హోసూరు రోడ్డు దాకా పరిగెత్తాడు. "సాకప్పా, సాకు! ఇంక చాలు! పొద్దున్నే పాత ఇనుమోణ్ణి పిలుస్తా" అని అక్కణ్ణుంచే అరిచాడు. నా డ్రమ్ము పోయినట్టే. చేసినవాళ్ల పేరు రాయండి.

స్టాన్లీ

తా.క.: కాగితం మీద తడి కారం వల్ల. ఏడుపు కాదు.

*

యలహంక,
బుధవారం.

చిరంజీవి స్టాన్లీకి,

పేరు పిల్లమ్మ, మా మేడల మీద చెత్త ఎండబెట్టే మనిషి. కాకులు తొక్కలు ఎత్తుకుపోతున్నాయని చల్లింది. పాపం, మంచి గుంటూరు కారమే వాడింది. నేనే వచ్చి మీ ఓనరును క్షమాపణ అడుగుతాను. డ్రమ్మును మాత్రం పోనీయకు.

విజయకుమారి

తా.క.: కళ్లు చన్నీళ్లతో కడుక్కో. నలపకు.

*

బొమ్మసంద్ర,
శుక్రవారం.

అమ్మగారికి నమస్కారం.

క్షమాపణ వద్దు. డ్రమ్ము ఉండాది!

కారం ఘాటెక్కిన మర్నాడు పొద్దున పాత ఇనుమాయన వచ్చి మూత ఎత్తితే లోపలంతా గలగలలాడే నల్లటి బొగ్గు. ఇదివరకు ప్రతిసారీ సగం బూడిదే వచ్చేది. కారణం ఇప్పుడు తెలిసింది. ఓనరు అన్నం కుండ అనుకుని "అయ్యిందా?" అంటూ మాటిమాటికీ మూత ఎత్తేవాడు. ఆత్రం కొద్దీ నేనూ ఎత్తేవాణ్ణి. గాలి దూరి అంతా కాలిపోయేది. ఈసారి కారం దెబ్బకు ఒక్కడూ దగ్గరికి పోలేదు.

ఇటుక చేసి అంటించాం. క్యాంటీను నీళ్లు మరిగాయి. పాత ఇనుమాయన డ్రమ్మును వదిలేసి, తన టీ పొయ్యికి బొగ్గు ఇస్తారా అని అడిగాడు. ఓనరు ఇంకో డ్రమ్ము కట్టమన్నాడు.

స్టాన్లీ

తా.క.: వచ్చే శనివారం కారం లేని లోడు ఎక్కిస్తాం. ఓనరు చేతులు ఊరుకోవు, నా మాట వినడు. మీరొచ్చి డ్రమ్ము పక్కన కుర్చీ వేసుకుని కూర్చోవాలి. ఆయన మూత మీద చెయ్యి వేస్తే, వార్డులోకి వేళ కాని వేళ వచ్చే చుట్టాలను తరిమినట్టు తరమాలి. వస్తారా, రారా? గురువారంలోగా జవాబు రాయండి.