కంటి కింద పెట్టిన కాగితం

సిరిగేరి,
12-11-2025

దేశనూరులో ఉన్న మరదలు శరణమ్మకు, నీ వదిన తిమ్మమ్మ దీవించి రాయించేదేమంటే: ఇక్కడ నేనూ, మనవరాలు భూమికా క్షేమం. నువ్వూ పిల్లలూ చల్లగా ఉండాలి. చెయ్యి భూమికది, మాటలు నావి.

మూడేళ్ళ కిందట నా తమ్ముడు దురుగప్ప పోయిన రోజు నువ్వు నా మెడ పట్టుకుని ఏడ్చావు. నా భుజం తడిసింది, నీ భుజం తడవలేదు. అందరి ముందూ అననే అన్నావు: "తోడబుట్టినోడు పోతే కంట్లో చుక్క లేదు. ఇంగ మా గడప తొక్కొద్దు వదినా." తొక్కలేదు. సోమవారం వాడి మూడో ఏటి దినం. నేను రావాలి. అందుకే నా న్యాయం చెప్పుకుంటున్నాను.

బళ్ళారిలో డాక్టరమ్మ నా కింది రెప్పలో కాగితం ముక్క పెట్టి ఐదు నిమిషాలు కూర్చోబెట్టింది. తీస్తే పొడిగా వచ్చింది. ఒంటిని కాయాల్సిన కాపలాయే నా కన్నీటి గ్రంథుల మీద తిరగబడిందట.

భూమిక కాలేజీలో చదివేది ఇదే. గ్రంథిలోని ఒక్కో కణంలో, కన్నీళ్ళలో కలిసే సరుకు చిన్న చిన్న సంచుల్లో కట్టి ఉంటుందట. దుఃఖం వస్తే నరం కబురు పంపుతుంది. అప్పుడు కణం లోపల కాల్షియం లేస్తుంది. ఆ సైగకు ప్రోటీన్లు సంచిని కణం గోడ దగ్గరికి లాగి, అతికించి, దాని నోరు తెరుస్తాయి. నీళ్ళు కదిలేదీ ఆ సైగతోనే. అది సరిగా నడవకపోతే లోపల సరుకున్నా కన్ను ఎండే ఉంటుంది.

కాల్షియమంటే సున్నమే కదా అని నాలుగు రోజులు ఆకుకు రెండింతలు సున్నం పూసి నమిలాను. నోరంతా పొక్కింది. "అవ్వా, నువ్ తినే సున్నం కాదది, కణం లోపల లేసేది" అని భూమిక నన్నే తిట్టింది.

ఆ కాగితం ముక్క ఇందులో పెట్టాను. అదే నా సాక్షి. చూసి, రమ్మని కబురు పెట్టు.

ఇట్లు,
తిమ్మమ్మ వేలిముద్ర

తా.క. కవరు అంటించాక భూమిక అడిగింది, ఈ జబ్బు ఎప్పటి నుంచి అవ్వా అని. పోయిన ఉగాది నుంచి. అందుకే కవరు విప్పించాను. శరణమ్మా, తమ్ముడు పోయిన రోజు నా కళ్ళు బాగానే ఉన్నాయి. నా మొగుడి దినానికి నాట్లున్నాయని వాడు రాలేదు. ఆ కోపంతో పళ్ళు బిగించి నీళ్ళు ఆపుకున్నాను. ఇప్పుడు రోజూ వాడి ఫోటో ముందు కూర్చుంటున్నాను. ఏడవాలని ఉంది, రావడం లేదు. సోమవారం నన్ను రానియ్యి. నువ్వు ఏడువు, నేను భుజం ఇస్తాను.