తీసేయమన్నా తీయని ప్రోగ్రాం

అన్నా,

నీ కంప్యూటర్ బాగైపోయింది! నువ్వు పోయి ఇవాళ్టికి ఏడాది. ఈ కబురు నీకు చెప్పకుండా ఉండలేకపోతున్నాను.

ఇంటర్నెట్ పెడితే చాలు, అడగని ప్రకటనలు తెర నిండా వచ్చిపడేవి. అమ్మయితే మానిటర్ మీద చెయ్యి పెట్టి ప్రార్థన కూడా చేసింది! నిన్న ఆదివారం చర్చి అయ్యాక, నువ్వు తీసుకెళ్లినట్టే అబిడ్స్ ఫుట్‌పాత్ పుస్తకాల దగ్గరికి వెళ్లాను. ఒక పాత కంప్యూటర్ పత్రికతో ఇచ్చిన సీడీలో స్పైవేర్‌ని పట్టే సాఫ్ట్‌వేర్ దొరికింది. అక్కణ్ణుంచి నాంపల్లిలో మన ఇంటి దాకా పరుగులాంటి నడకే! నేనే ఎక్కించాను. అరవైకి పైగా దొంగ ప్రోగ్రాములు దొరికాయి, అన్నా! ఒక్కొక్కటీ తీసేస్తూ చప్పట్లు కొట్టాను.

చివరికి ఒకటి మిగిలింది. ఎవరు తయారుచేశారో తెలియదు, రోజూ పొద్దున ఎనిమిదింటికి దానంతటదే నడుస్తోంది, తీసేయాలా అని సాఫ్ట్‌వేర్ అడిగింది. పైకి చదివి నొక్కబోతుంటే అమ్మ నా చెయ్యి పట్టుకుంది.

"తియ్యకు బిడ్డా! గది మీ అన్న పెట్టిండు. పొద్దుగాల ఎనిమిదికి బీపీ గోలీ ఏసుకున్నవా అని అడుగుతది."

కంప్యూటర్‌తో వేరే పనేమీ లేని అమ్మ రోజూ పొద్దున్నే దాన్ని ఎందుకు ఆన్ చేస్తుందో అప్పుడు తెలిసింది. 'ఉంచు' అని నొక్కాను.

ఇవాళ ఎనిమిదింటికి నువ్వు మళ్లీ అడిగావు.

"ఔ బిడ్డా, ఏసుకున్న," అంది అమ్మ తెరతో.

నీ చెల్లి